పదిహేనేళ్ళ తర్వాతి ఎక్స్‌రే: వెన్ను సర్జన్ల పేరు దేనిమీద నిలుస్తుంది?

క్లుప్తంగా: వెన్నెముక ఆపరేషన్లలోనూ ఎముకల ఆరోగ్యంలోనూ చరిత్రలో నిలిచిన పేర్లు చేసిన ఆపరేషన్ల లెక్కతో నిలిచినవి కావు. ఆపరేషన్ చేసినవాళ్ళనీ, చేయకుండా వదిలినవాళ్ళనీ ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పిలిచి చూసినందువల్ల నిలిచినవి. ఈ రెండు శాఖలూ విడివిడిగా పెరిగాయి. ఎముకలు గుల్లబారిన పెద్దవయసువాళ్ళు ఆ రెంటి మధ్యనా పడిపోతున్నారు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల మీద హోర్డింగులు చూస్తే ప్రతి పెద్ద ఆస్పత్రికీ ఒక ‘ప్రముఖ’ స్పైన్ సర్జన్ ఉంటారు. తెల్లకోటు ఫొటో, పక్కన ఇన్ని వేల ఆపరేషన్లు అని ఒక అంకె. నడుం నొప్పితో ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్ళినవాళ్ళకు మూడు మాటలు వినబడతాయి: ఒకరు వెంటనే ఆపరేషన్ అంటారు, ఒకరు కొన్ని వారాలు చూద్దాం అంటారు, ఇంకొకరు కాల్షియం, విటమిన్ డి రాసి పంపిస్తారు. ఇంట్లోవాళ్ళకు టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

హోర్డింగు మీది అంకె అబద్ధం కానక్కర్లేదు. అది డాక్టర్ చేయి తిరిగిందని చెబుతుంది. ఆ వేలమందీ పదేళ్ళ తర్వాత ఎలా నడుస్తున్నారో మాత్రం చెప్పదు. నోటిమాట మీద పేరు పెరగడం మనకు కొత్తేమీ కాదు, పుత్తూరు కట్టుకు ఊళ్ళకు ఊళ్ళు కదిలి వెళ్ళింది అలాగే. చెయ్యో కాలో విరిగినప్పుడు అతికిందో లేదో రోగికే తెలిసిపోతుంది. వెన్ను సంగతి అలా కాదు. అక్కడ మంచీ చెడూ బయటపడటానికి ఒక్కోసారి ఇరవై ఏళ్ళు పడుతుంది.

## ఒకే గదికి రెండు తలుపులు

మన దేశంలో వెన్ను సర్జన్ కావడానికి రెండు దారులున్నాయి. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. ఆ తర్వాత ఎముకల శాఖలో మూడేళ్ళ ఎంఎస్ లేదా డీఎన్‌బీ చేసి అటునుంచి రావచ్చు. లేదంటే న్యూరోసర్జరీలో ఎంసీహెచ్ అనే సూపర్‌స్పెషాలిటీ డిగ్రీ చేసి ఇటునుంచి రావచ్చు. ఆపైన వెన్నుకే పరిమితమైన ఫెలోషిప్ ఒకటి రెండేళ్ళు, జాతీయ బోర్డు ఇచ్చే ఎఫ్‌ఎన్‌బీ అయితే రెండేళ్ళు. సొంతంగా కత్తి పట్టేసరికి ముప్పై దాటుతాయి.

ఎముకల నుంచి వచ్చినవాళ్ళు వెన్నును భారం మోసే స్తంభంగా చూస్తారు. నరాల నుంచి వచ్చినవాళ్ళకు అదే వెన్ను నరాల తాడును కాపాడే గొట్టం. ఇద్దరూ చేసే పని చాలావరకు ఒకటే అయింది కానీ, ఒకే ఎంఆర్ఐని ఇద్దరూ ఒకేలా చదవకపోవడానికి మూలం కొంత ఇక్కడే ఉంది.

ఎముకల ఆరోగ్యానికి ఆ రెండు తలుపులు కూడా లేవు. ఎముకలు గుల్లబారిన మనిషిని హార్మోన్ల డాక్టర్ చూడొచ్చు, కీళ్ళవాతం డాక్టర్ చూడొచ్చు, నెలసరి ఆగిన స్త్రీ అయితే గైనకాలజిస్ట్ చూడొచ్చు. చాలాసార్లు ఎవరూ చూడరు.

## హ్యూస్టన్‌లో ఒక ఉక్కు కడ్డీ

అమెరికా సర్జన్ పాల్ హారింగ్టన్ 1911లో పుట్టారు. కాన్సస్ యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడారు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో డాక్టర్‌గా పనిచేశారు, 1945లో హ్యూస్టన్ చేరారు. అక్కడ ఆయనకు ఎదురైనది పోలియో. కండరాలు చచ్చుబడిన పిల్లల వెన్ను పాములా మెలికలు తిరిగిపోయేది. అప్పటి వైద్యం ప్లాస్టర్ తొడుగు. అసలే ఊపిరి బలం తక్కువైన పిల్లలకు ఛాతీ చుట్టూ ప్లాస్టర్ బిగిస్తే ప్రాణం మీదికొచ్చేది.

హారింగ్టన్ మొదట వెన్నుపూసల కీళ్ళలో స్క్రూలు బిగించి చూశారు, నిలవలేదు. తర్వాత పైనా కిందా కొక్కేలు తగిలించి మధ్యలో ఉక్కు కడ్డీతో సాగదీసే పద్ధతికి వచ్చారు. జాక్‌తో బండిని పైకి లేపినట్టు అన్నమాట. కొన్నాళ్ళకు కడ్డీలు విరగడం మొదలైంది. లోహాన్ని రోజూ వేలసార్లు వంచితే ఎంత గట్టిదైనా అలసిపోతుంది. అందువల్ల కడ్డీ విరిగేలోపు కింద ఉన్న వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కోవాలి. ఈ అతికింపు పద్ధతి 1911 నాటికే న్యూయార్క్‌లో రసెల్ హిబ్స్ చేతుల్లో, అదే ఏడాది ఫ్రెడ్ ఆల్బీ చేతుల్లో పుట్టి ఉంది. ఆ రెంటినీ కలిపాక హారింగ్టన్ పద్ధతి నిలబడింది. 1940ల చివర మొదలైన ప్రయోగాలను ఆయన పూర్తిస్థాయిలో ప్రచురించింది 1962లో.

ఇంత ఆగి చేసినా ఒక లోపం తప్పించుకుంది. మనిషి నడుం దగ్గర వెన్నుకు సహజంగా లోపలికి ఒక వంపు ఉంటుంది. కడ్డీ సాగదీయడంతో పక్కవంపు తగ్గింది, దాంతోపాటు ఈ మంచి వంపు కూడా చదునైపోయింది. పదిహేనూ ఇరవై ఏళ్ళకు, ఆ పిల్లలు నడివయసుకు వచ్చాక, నిటారుగా నిలబడలేక ముందుకు ఒంగిపోవడం కనిపించింది. తర్వాతి తరం సర్జన్ల పని చాలావరకు ఆ లోపానికి జవాబే. మెక్సికోలో ఎడ్వర్డో లూకే ప్రతి వెన్నుపూసకూ తీగ చుట్టి బలాన్ని పంచారు. ఫ్రాన్స్‌లో ఈవ్ కొత్రెల్, జాన్ దుబుసె 1980లలో పక్కవంపును మెలికగా కూడా చూసి కడ్డీని తిప్పే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు అందరూ వాడే పెడికల్ స్క్రూను, అంటే వెనకవైపు నుంచి వెన్నుపూసలోకి బిగించే స్క్రూను, పారిస్‌లో రేమండ్ రాయ్-కమీ 1963లోనే వాడారు. దానిమీద అమెరికాలో నడిచిన వివాదం చల్లారి అక్కడి మందుల నియంత్రణ సంస్థ దాన్ని తక్కువ ప్రమాదపు వర్గంలోకి మార్చింది మాత్రం 1998లో.

## క్షయ నేర్పిన పాఠం

వెన్ను సర్జన్ పేరు ఎలా నిలుస్తుందో చూడటానికి హారింగ్టన్ కంటే మంచి ఉదాహరణ వెన్ను క్షయ. పైగా దాని కథ సగం మన పొరుగునే నడిచింది.

క్షయ క్రిమి వెన్నుపూస ముందు భాగాన్ని తినేస్తుంది. వెనక భాగం గట్టిగానే ఉంటుంది. ముందు గోడ కూలి వెనక గోడ నిలిచిన ఇల్లు ఎటు ఒరుగుతుందో వెన్నూ అటే ఒరుగుతుంది: గూని. చీము లోపలికి తోస్తే కాళ్ళు పడిపోతాయి. మందులు లేని రోజుల్లో నెలల తరబడి మంచం, గాలీ వెలుతురూ తగిలే శానిటోరియమే వైద్యం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలాంటి కాలంలో పుట్టిందే.

1950లలో హాంకాంగ్‌లో ఆర్థర్ హాడ్జ్‌సన్ నేరుగా ఛాతీ, పొట్ట వైపు నుంచి వెళ్ళి కుళ్ళిన ఎముకంతా తీసేసి, ఆ ఖాళీలో రోగి పక్కటెముకనో తుంటి ఎముకనో దించే ఆపరేషన్ చేశారు. ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి. ప్రపంచమంతా దాన్ని హాంకాంగ్ ఆపరేషన్ అంది. చిక్కల్లా ఒకటే, దానికి అంత నేర్పున్న సర్జన్, రక్తం, మత్తు డాక్టర్, థియేటర్ కావాలి. జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల్లో లేనివి సరిగ్గా అవే.

అప్పుడు బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కొరియా, హాంకాంగ్, రొడీషియా (ఇప్పటి జింబాబ్వే), మద్రాసుల్లో పోలికలు మొదలుపెట్టింది. మద్రాసు ఎంపిక కాకతాళీయం కాదు. ఊపిరితిత్తుల క్షయకు ఇంటి దగ్గర మందులిచ్చినా శానిటోరియంతో సమానంగా నయమవుతుందని 1950ల చివర్లో చూపించింది అక్కడి క్షయ పరిశోధన కేంద్రమే. వెన్ను విషయంలోనూ అదే ప్రశ్న వేశారు. ఒక గుంపుకు ఆపరేషన్, ఆరు నెలల మందులు. మిగతా రెండు గుంపులకు ఆపరేషన్ లేదు, ప్లాస్టర్ లేదు, మంచం లేదు, నడుస్తూ తిరుగుతూ ఆరు లేదా తొమ్మిది నెలల మందులు. పదేళ్ళ ఫలితాలు 1999లో వచ్చాయి. మందులతో నడిచిన రెండు గుంపుల్లోనూ 90 శాతానికి పైగా జనం బాగున్నారు. ఆపరేషన్ గుంపు ఫలితాలు వాళ్ళకంటే మెరుగ్గా ఏమీ లేవు.

ఇదే కాలంలో వారణాసిలో ఎస్.ఎం. తులి ‘మధ్యేమార్గం’ అనే పద్ధతి నడిపి 1975లో ఫలితాలు ప్రచురించారు. అందరికీ మందులు, కాళ్ళ బలం కొన్ని వారాల్లో తిరిగిరాకపోతేనో చీము తగ్గకపోతేనో ఆపరేషన్. పేద దేశం సర్దుబాటుగా మొదలైన ఈ ఆలోచన తర్వాత పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఒక సర్జన్ ప్రధాన కీర్తి ఆపరేషన్ తగ్గించినందుకు రావడం ఆ వృత్తిలో అరుదు.

కథ ఇక్కడ ఆగితే సర్జన్ అవసరమే లేదనిపిస్తుంది. ఎస్. రాజశేఖరన్ పని అక్కడ మొదలవుతుంది. ఆయన ఇప్పుడు కోయంబత్తూరు గంగా ఆస్పత్రి పేరుతో అందరికీ తెలిసినవారు. 1987లో మద్రాసు ప్రొఫెసర్ టి.కె. షణ్ముగసుందరంతో కలిసి ఆయన ఒక చిన్న లెక్క ప్రచురించారు. మొదటి ఎక్స్‌రేలో ఎంత వెన్నుపూస పోయిందో కొలిచి 30.5తో హెచ్చవేసి 5.5 కలిపితే, నయమయ్యాక మిగిలే గూని కోణం దాదాపుగా వస్తుంది. అంటే ఒక పూస మొత్తం కరిగిపోతే 36 డిగ్రీలు.

ఆ లెక్క పెద్దవాళ్ళ విషయంలో నిలబడింది. పిల్లల్లో జబ్బు తగ్గిపోయాక కూడా ఎముక పెరుగుతూనే ఉంటుంది. మందులతో నయమైన 61 మంది పిల్లలను 15 ఏళ్ళపాటు చూసి 2001లో ఆయన రాసిన వ్యాసం ఈ రంగంలో మైలురాయి. పెరిగే వయసులో 39 శాతం మందిలో గూని పెరిగింది, 44 శాతంలో దానంతటదే తగ్గింది, మిగతావాళ్ళలో అలాగే ఉంది. క్రిమి ఒకటే, మందులు ఒకటే, ఫలితం మాత్రం మూడు రకాలు. మొదటి ఎక్స్‌రేల్లోనే తేడా ఉందేమోనని వెనక్కి వెళ్ళి వెతికితే నాలుగు గుర్తులు దొరికాయి: వెనక కీళ్ళు విడిపోవడం, పూస వెనక్కి జరగడం, పక్కకు జారడం, పైపూస ముందుకు దొర్లడం. వీటిలో రెండుకు మించి కనబడితే గూని ముదిరే ప్రమాదం ఉన్నట్టు, వాళ్ళకు మొదట్లోనే ఆపరేషన్ చేయాలి. మిగతా పిల్లల వెన్ను జోలికి పోనక్కర్లేదు.

ఎవరికి కత్తి, ఎవరికి మాత్ర అని తేల్చడానికి 15 ఏళ్ళు పట్టింది. ఆ 15 ఏళ్ళూ ఆ పిల్లల్ని మళ్ళీ మళ్ళీ రప్పించి ఎక్స్‌రే తీసిన ఓపికకు హోర్డింగు మీద చోటు దొరకదు.

## ఎంఆర్ఐలో కనబడిందల్లా జబ్బేనా?

డిస్క్ కథ వేరే దారిలో నడిచింది. 1934లో బోస్టన్‌లో విలియం మిక్స్‌టర్ అనే న్యూరోసర్జన్, జోసెఫ్ బార్ అనే ఎముకల సర్జన్ కలిసి, కాలిలోకి లాగే నొప్పికి కారణం జారిన డిస్క్ నరాన్ని నొక్కడమేనని చూపించారు. రెండు తలుపులవాళ్ళూ కలిసి రాసిన వ్యాసం అది. ఆ దెబ్బతో డిస్క్ ఆపరేషన్లు ప్రపంచమంతా వెల్లువెత్తాయి.

అరవై ఏళ్ళ తర్వాత, 1994లో, నడుం నొప్పే లేని 98 మందికి ఎంఆర్ఐ తీసిన ఒక అధ్యయనం వచ్చింది. సగానికి పైగా మందిలో కనీసం ఒక డిస్క్ ఉబ్బి ఉంది, అన్ని డిస్కులూ బాగున్నవాళ్ళు 36 శాతమే. కాబట్టి రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అన్న మాట చాలామందికి తెల్లవెంట్రుక లాంటిది. నొప్పి దిగే దారి, కాలి బలం, తాకితే తెలిసే తీరు ఆ బొమ్మతో కలిస్తేనే దానికి అర్థం. మొదట్లో చెప్పిన ముగ్గురు డాక్టర్ల మూడు మాటల్లో ఒకరిది తప్పని అనుకోనక్కర్లేదు. కాళ్ళ బలం పోతుంటే, మూత్రం మీద అదుపు తప్పితే ఆలస్యం పనికిరాదు, ఆ సంగతిలో ముగ్గురూ ఒకే మాట చెబుతారు. మిగతా డిస్క్ నొప్పి చాలావరకు వారాల్లో తగ్గుతుంది, అందుకే అభిప్రాయాలు చీలుతాయి.

## ఎముక బలం: అందరిదీ, ఎవరిదీ కాదు

ఎముకలు గుల్లబారడానికి స్త్రీలలో నెలసరి ఆగడంతో సంబంధం ఉందని గుర్తించింది బోస్టన్ హార్మోన్ల డాక్టర్ ఫుల్లర్ ఆల్బ్రైట్, 1940-41లో. ఆయన సర్జన్ కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన హెర్బర్ట్ ఫ్లైష్ కూడా కాదు. నీటిలో సున్నం గడ్డకట్టకుండా పరిశ్రమల్లో వాడే ఫాస్ఫేట్ల బంధువులు ఎముక కరగడాన్ని కూడా ఆపుతాయని ఫ్లైష్ బృందం 1960ల చివర్లో చూపించింది. బిస్ఫాస్ఫోనేట్లు అని ఇవాళ డాక్టర్లు రాసే వారానికో మాత్ర, ఏడాదికో ఇంజెక్షన్ అక్కడినుంచే వచ్చాయి. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో టీ-స్కోర్ (యువవయసు ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5కో ఇంకా కిందికో దిగితే ఎముక గుల్లబారినట్టేనని గీత గీసింది 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ.

ఈ పరిశోధన అంతా ల్యాబుల్లో, హార్మోన్ల వార్డుల్లో నడిచింది. రోగి మాత్రం బాత్‌రూంలో జారిపడి వచ్చేది ఎముకల వార్డుకు. అక్కడ విరిగినచోట ప్లేటు వేసి పంపిస్తారు. ఎందుకు విరిగిందన్న ప్రశ్న ఎవరి డ్యూటీలోనూ ఉండదు. 1999లో గ్లాస్గోలో దీనికొక సాదా పరిష్కారం మొదలైంది: యాభై దాటి ఎముక విరిగి వచ్చిన ప్రతివాళ్ళ పేరూ ఒక నర్సు రాసుకుని, డెక్సాకు పంపి, మందు మొదలయ్యేదాకా వెంటపడటం. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. ఇప్పుడు చాలా దేశాలు అనుకరిస్తున్న పద్ధతి అది.

వెన్ను సర్జన్లకు ఇది ఇప్పుడు తప్పించుకోలేని విషయమైంది. గుల్లబారిన పూసలో స్క్రూ బిగించడమంటే చెదలు పట్టిన దూలానికి మేకు కొట్టడమే. అందుకే ఆపరేషన్‌కు ముందే డెక్సా తీయించి, అవసరమైతే నెలల పాటు ఎముకను పెంచే ఇంజెక్షన్లు ఇచ్చి ఆ తర్వాతే థియేటర్‌కు తీసుకెళ్ళేవాళ్ళు పెరుగుతున్నారు.

## నల్గొండలో తెల్లగా మెరిసే ఎముక

డెక్సాను కళ్ళు మూసుకుని నమ్మకూడదని చెప్పే గట్టి ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను 1937లో వైద్య పత్రికలో వర్ణించారు. ఆ తర్వాత నల్గొండ పేరు దానికి పర్యాయపదమైపోయింది. ఫ్లోరైడ్ ఎక్కిన ఎముక ఎక్స్‌రేలో చిక్కగా, తెల్లగా మెరుస్తుంది. సాంద్రత పెరిగినట్టే కనబడుతుంది కానీ పెళుసు. వెన్ను కాలువ ఇరుకవుతుంది, పూసల్ని కట్టే నారలు ఎముకగా మారిపోతాయి, చివరికి నరాల తాడు నలిగి కాళ్ళు బిగుసుకుపోతాయి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి వృత్తి జీవితంలో పెద్ద భాగం ఈ రోగుల మధ్యే గడిచింది. ఫ్లోరోసిస్ నరాల మీద చూపే ప్రభావం గురించి ఆయన రాసినవి విదేశీ వైద్యులు కూడా ఆధారంగా తీసుకుంటారు.

1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరో రూపాన్ని లోకానికి చెప్పారు: ఫ్లోరైడ్ ప్రాంతపు కుర్రాళ్ళలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం. తిండిలో కాల్షియం తక్కువైనప్పుడు ఫ్లోరైడ్ ఇంకా దెబ్బతీస్తుంది. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి నుంచి సి.వి. హరినారాయణ్ బృందం 2007లో చూపింది దీనికి దగ్గరి సంగతే. ఎండలో పనిచేసే పల్లెవాళ్ళలో విటమిన్ డి పట్నంవాళ్ళకంటే మెరుగ్గా ఉంది, కానీ తిండిలో కాల్షియం అందరికీ తక్కువే.

ఇక్కడ సర్జన్ చేయగలిగింది నలిగిన తాడుకు చోటివ్వడం వరకే. జబ్బును ఆపేది నీళ్ళు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను దించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టిన నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ఇంజనీర్లు కూడా ఒక రకంగా ఎముకల డాక్టర్లే.

## సిమెంటు, ప్రొటీన్, డబ్బు

1984లో ఫ్రాన్స్‌లోని అమియాలో మొదలైన వెర్టిబ్రోప్లాస్టీ చూడటానికి తర్కబద్ధంగా ఉంటుంది: నలిగిన పూసలోకి సూదితో సిమెంటు ఎక్కిస్తే నిలబడుతుంది, నొప్పి తగ్గుతుంది. రోగులు నిజంగానే తగ్గిందనేవారు. 2009లో ఒకే పత్రికలో రెండు పరీక్షల ఫలితాలు వచ్చాయి, ఒకటి ఆస్ట్రేలియాలో రాచెల్ బుక్‌బైండర్‌ది, ఇంకొకటి అమెరికాలో డేవిడ్ కాల్మ్స్‌ది. సగంమందికి సిమెంటు ఎక్కించలేదు, ఎక్కించినట్టు నటించారు. రెండు గుంపులకూ నొప్పి ఒకేలా తగ్గింది. విశేషమేమిటంటే ఆ ఇద్దరిలో ఎవరూ సర్జన్ కాదు. మొదటివారు కీళ్ళవాతం డాక్టర్, రెండోవారు స్వయంగా ఆ సూది వేసే రేడియాలజిస్టు. ఎవరికి, ఎన్ని రోజుల్లో చేస్తే ఉపయోగమన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది.

రెండో ఉదాహరణ చేదైనది. ఎముకలోని ఒక పదార్థం కొత్త ఎముకను పుట్టిస్తుందని 1965లో లాస్ ఏంజెలిస్‌లో మార్షల్ యూరిస్ట్ కనిపెట్టారు. దాన్నుంచి వచ్చిన బీఎంపీ-2 అనే ప్రొటీన్‌కు వెన్ను అతికింపులో వాడేందుకు 2002లో అమెరికా అనుమతి దొరికింది. కంపెనీ డబ్బుతో జరిగిన 13 అధ్యయనాల్లో 780 మంది రోగుల్లో ఆ ప్రొటీన్ వల్ల ఒక్క దుష్ఫలితమూ లేదని రాశారు. స్టాన్‌ఫర్డ్ సర్జన్ యూజీన్ కారజీ బృందం 2011లో అసలు పత్రాలు తవ్వితే దుష్ఫలితాలు ఎన్నో రెట్లున్నాయి. అప్పటి పేరున్న సర్జన్లు కొందరికి కంపెనీ నుంచి భారీగా సొమ్ము ముట్టింది. పేరు ఎక్కువున్న డాక్టర్ సలహాకే మార్కెట్లో విలువ ఎక్కువ, కాబట్టి ఈ చిక్కు పేరుతోపాటే వస్తుంది.

డబ్బు తీరు మన దగ్గరా వేరుగా లేదు. ఆరోగ్యశ్రీ ఐనా ప్రైవేటు బీమా ఐనా ప్యాకేజీ చాలావరకు, చేసిన ఆపరేషన్‌కే కడుతుంది. ఆరు నెలలు ఫిజియోథెరపీ చేయించి ఆపరేషన్ తప్పించిన డాక్టర్‌కు ఏ కోడ్ కింద బిల్లు వేయాలో ఎవరికీ తెలియదు. స్వీడన్‌లో 1990ల నుంచి నడుస్తున్న జాతీయ వెన్ను రిజిస్టర్ ఆపరేషన్ అయినవాళ్ళకు ఏడాదికి, రెండేళ్ళకు, ఐదేళ్ళకు, పదేళ్ళకు ప్రశ్నపత్రం పంపిస్తుంది: నొప్పి ఎలా ఉంది, ఎంత దూరం నడుస్తున్నారు, పనికి వెళ్తున్నారా? మన రోగి దగ్గర ఆ చరిత్ర ఉండేది ఒక పాలిథిన్ కవర్లో. పాత ఎక్స్‌రేలు, మాసిన డిశ్చార్జి కాగితం, డెక్సా రిపోర్టు ఉంటే అదీ. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మొదట బల్లమీద పెట్టాల్సింది ఆ కవరునే.